సముద్రం వేడి చూపించే ఎర్త్ నల్‌స్కూల్: చెన్నైలో ఉండేవాళ్లు ఒక్కసారి చూడండి

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ కింద నడుము లోతు నీళ్లు. అదే తుఫాను మమ్మల్ని ముంచేసి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అమ్మా నాన్నా ఉండేది ఆ పక్క పల్లెలోనే. ఇక్కడ కరెంటు లేదు, అక్కడ ఫోన్ కలవదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. అప్పట్లో డబ్బు కట్టి ఒక వాతావరణ యాప్ వాడేదాన్ని, పేరెందుకులెండి, ముందురోజు రాత్రి కూడా అందులో ఒక మబ్బు బొమ్మా నాలుగు చినుకులూ తప్ప ఏమీ లేవు.

ఆ తర్వాత ఆఫీసులో ఒకావిడ ఎర్త్ నల్‌స్కూల్ అనే ఈ మ్యాప్ సైట్ చూపించింది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. కింద ఎడమ మూల 'ఎర్త్' అన్న మాట నొక్కి, ఓషన్ పెట్టి, ఎస్‌ఎస్‌టీ (సముద్రం పైపొర ఉష్ణోగ్రత) ఎంచుకుంటే చాలు. మెరీనాకి తూర్పున నీళ్ల మీద వేలు పెడితే చిన్న ఆకుపచ్చ వలయం పడి, అక్కడ సముద్రం పైపొర ఎన్ని డిగ్రీలుందో చెప్తుంది.

అయితే ఆ అంకె ఒక్కటే చూసి కంగారు పడొద్దు. తుఫాను పుట్టాలంటే నీళ్లు దాదాపు 26.5 డిగ్రీలుండాలి, అక్టోబరు నవంబరుల్లో మన బంగాళాఖాతం ఎలాగూ అంతకంటే వేడిగానే ఉంటుంది. చూడాల్సింది దాని పక్కనున్న ఎస్‌ఎస్‌టీఏ, అంటే ఏడాదిలో ఈ సమయానికి మామూలుగా ఉండేదానికంటే ఎంత ఎక్కువో తక్కువో చెప్పేది. 1951 నుంచి 2015 లోపు ఉష్ణమండల హిందూ మహాసముద్రం సగటున 1 డిగ్రీ వేడెక్కింది. ఒక్క డిగ్రీయే కదా అనిపిస్తుంది, కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ మోయగలదు, ఆ తేమంతా చివరికి మన వీధుల్లోనే కురుస్తుంది.

ఇంకో సంగతి నాకు ఈ మ్యాప్ మీద ఆసక్తి పుట్టాకే తెలిసింది. మామూలుగా తుఫాను సముద్రాన్ని చిలికి అడుగునున్న చల్లనీళ్లు పైకి తెచ్చుకుని తనే కాస్త నీరసపడుతుంది. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీళ్లు తేలికగా పైన పరుచుకుని ఉంటాయి కాబట్టి, ముఖ్యంగా వానాకాలం తర్వాత ఉత్తరం వైపు, ఆ చిలకడం అంత తేలిక కాదు. వేడి పైనే ఉండిపోతుంది.

ఈ సైట్ చూపించేది పైపొరే. లోతున ఎంత వేడి దాగుందో కావాలంటే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల పటాలు చూడాలి. మబ్బు కమ్మితే ఇన్‌ఫ్రారెడ్ ఉపగ్రహాలకు నీళ్లు కనపడవు, అప్పుడు ఆదుకునేవి సముద్రంలో తేలుతూ నీళ్ల వేడి కొలిచే బోయ్‌లనే పరికరాలు. వాటిని బంగాళాఖాతంలో వేసి చూసుకునే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, నియోట్ ఆఫీసు మా ఇంటికి దగ్గర్లోనే, పళ్లికరణైలో ఉంది. ఇన్నాళ్లూ దాని ముందునుంచే వెళ్తూ ఏమిటో తెలియకపోవడం బాధనిపించింది.

తుఫాను ఎప్పుడొస్తుందో, ఎక్కడ దాటుతుందో ఈ మ్యాప్‌తో తేల్చుకోకండి. నీళ్లు ఎంత కాగినా పైన గాలులు ఎత్తుకో దిక్కున వీస్తుంటే తుఫాను నిలవదు. హెచ్చరిక మాత్రం వాతావరణ శాఖదే వినాలి. ఇది చెప్పేది ఒక్కటే, వచ్చే తుఫానుకి మేత ఎంతుందో.

ఇప్పుడు నవంబరు వస్తే నాన్న రోజూ సాయంత్రం ఫోన్ చేస్తారు.

"ఏమ్మా, సముద్రం ఎంతుంది ఇవాళ?"

"29.4 నాన్నా. మామూలు కంటే ముప్పావు డిగ్రీ ఎక్కువ."

77లో దివిసీమ ఉప్పెన చూసిన మనిషి, అప్పుడు ఊళ్లో రేడియో ఒక్కటే దిక్కు అంటారు. మిచౌంగ్‌కి కోసిన వరి పనల మీదే తడిసి మొలకెత్తింది. అందుకే ఈసారి అంకె వినగానే కోతలకు ముందే బరకాలు కొని చావిట్లో పెట్టుకున్నారు.