హైదరాబాద్‌లో అమ్ముతున్న లక్షద్వీప్ స్కూబా ప్యాకేజీ: పైసలు కట్టేముందు ఇది చదవండి

మాదాపూర్ వైపు ఆఫీసు పెట్టుకుని ఇన్‌స్టాలో తెగ యాడ్స్ ఇస్తున్నారు. "ఇక్కడ పూల్‌లో ట్రైనింగ్, లక్షద్వీప్‌లో డైవ్‌లు, చేతికి ఓపెన్ వాటర్ సర్టిఫికెట్" అని. నేనూ మా బావమరిదీ ఆ ప్యాకేజీలోనే వెళ్లొచ్చాం. డిసెంబర్ బ్యాచ్‌కి అడ్వాన్సులు తీసుకుంటున్నారని తెలిసి రాస్తున్నా.

ముందు సర్టిఫికెట్ సంగతి. స్కూబాలో (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల కింద ఈదడం) ఓపెన్ వాటర్ కోర్సంటే థియరీ, పూల్‌లో స్కిల్స్, ఆ తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. అవన్నీ అయితేనే 18 మీటర్ల దాకా దిగడానికి అర్హత వస్తుంది. మాతో చేయించింది ఉత్త ట్రై డైవ్, అంటే ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి మన సిలిండర్ పట్టుకుని కాసేపు తిప్పి పైకి తెచ్చేస్తాడు. చివర్లో ఇచ్చింది వాళ్లే ప్రింట్ కొట్టుకున్న రంగు కాగితం. ప్యాడీ, ఎస్‌ఎస్‌ఐ లాంటి డైవింగ్ శిక్షణ సంస్థల సర్టిఫికేషన్ అయితే మన పేరు మీద నంబర్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. దీని మీద ఏ నంబరూ లేదు. రేపు అండమాన్‌లోనో మాల్దీవుల్లోనో చూపిస్తే చెల్లదు.

అది డబ్బుల నష్టం, సరే. నాకు నిజంగా కోపం వచ్చింది వేరే వాటికి. మెడికల్ ఫారం ఇచ్చి "అన్నింటికీ నో కొట్టేయండి సార్, లేకపోతే డాక్టర్ లెటర్ అంటారు" అన్నారు. మా బావమరిదికి ఆస్తమా ఉంది! ఆ ప్రశ్న ఫారంలో ఉన్నదే అలాంటివాళ్ల కోసం. తను నిజమే రాసి డైవ్ మానేశాడు, ఆ డబ్బులో రూపాయి కూడా వెనక్కి ఇవ్వలేదు.

బోటు మీద నా చేతికిచ్చిన గేజ్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఉందో చూపించే మీటర్, చూశాను. సిలిండర్ వాల్వ్ ఇంకా తెరవనే లేదు, హోస్‌లో గాలి లేదు, అయినా ముల్లు 40 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర నిలబడి ఉంది. నిండు సిలిండర్ 200 బార్ దాకా ఉంటుంది, 50 మిగిలేలోపే పైకి చేరాలని మామూలుగా చెప్తారు. మరి ఖాళీగా ఉన్నప్పుడే 40 చూపించే గేజ్‌ని నమ్మి కింద ఉంటే నిజంగా ఎంత గాలి మిగిలిందో ఎలా తెలుస్తుంది? "అది అంతే సార్, నేనుంటా కదా" అంటాడు ఇన్‌స్ట్రక్టర్. గేజ్ మార్చేదాకా నేను నీళ్లలోకి దిగలేదు.

చివరి డైవ్‌లు మధ్యాహ్నం పెట్టి, మర్నాడు పొద్దున్నే లక్షద్వీప్‌లోని అగత్తి నుంచి కొచ్చికి ఫ్లైట్ వేశారు. ఒకటికంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి, ఒక్క డైవ్ అయినా 12 గంటలు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైన ఒత్తిడి తగ్గేసరికి బుడగలు కడితే కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. ఈ ముక్క వాళ్ల షెడ్యూల్ వేసినవాడికి తెలియదా? నేను గొడవపడి నా రెండో డైవ్ వదిలేసుకున్నా. మిగతావాళ్లు పాపం చేసేశారు, అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

ఎంట్రీ పర్మిట్ లేనిదే లక్షద్వీప్‌లో అడుగు పెట్టనివ్వరు, దాని కాపీ కూడా కొచ్చి ఎయిర్‌పోర్టులో గానీ చేతికి రాలేదు. అప్పటిదాకా ఒకటే టెన్షన్.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఇవాళే వాట్సాప్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు: ఏ సంస్థ సర్టిఫికేషన్, ఇన్‌స్ట్రక్టర్ నంబర్ ఎంత, సముద్రంలో ఎన్ని డైవ్‌లు, చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య ఎన్ని గంటలు. యూపీఐ ఎవరి పర్సనల్ ఖాతాకి వెళ్లిందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, జీఎస్టీ బిల్లు అడగండి. మేం కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రిజిస్టర్ చేయించాం. ఇంకెవరైనా ఇదే ప్యాకేజీలో వెళ్లొచ్చి ఉంటే మీరూ చేయించండి.