ఛారిటీ రైడ్ కోసం సైకిల్‌కి ట్యూబ్‌లెస్ వేయించా, రెండు ఎండాకాలాలు తొక్కాక చెప్తున్నా

హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా రెండు రోజుల ఛారిటీ రైడ్‌కి కొత్తగా పేరిచ్చినోళ్ళు అందరూ ముందు అడిగేది సైకిల్ ఎంతలో కొనాలి అని. ఉన్న సైకిల్ చాలండి బాబూ, ఆ డబ్బుల్లో కొంత టైర్ల మీద పెట్టండి అంటా నేను. ఎందుకంటే ఎన్‌హెచ్ 65 మీద మనం తొక్కేది నున్నటి లేన్లో కాదు, ఎడమ చివర షోల్డర్ మీద, అంటే లేన్లు అయిపోయాక ఉండే రోడ్డు అంచు మీద, హైవే చెత్త మొత్తం ఎగిరొచ్చి చేరేది కూడా అక్కడికే. లారీ టైరు పేలితే అందులో ఉండే స్టీల్ వైర్లు తునకలై అక్కడే పడుంటయ్, వెంట్రుక కంటే కాస్త మందం అంతే, కంటికి ఆనవు, టైర్లో దిగినా వెంటనే గాలి పోదు, ఓ అరగంట తొక్కాక వెనక చక్రం మెత్తగా కొట్టుకోవడం మొదలవుద్ది. ట్యూబ్ మార్చినా ఆ వైరు టైర్లోనే ఉండిపోతే పది కిలోమీటర్లకి మళ్ళీ అదే కథ. చౌటుప్పల్ దాటాక ఈ బాధ పడనోళ్ళు మా గ్రూపులో లేరు.

ఒక్కడే తొక్కుకుంటే పర్లేదు, పక్కన కూర్చుని ట్యూబ్ మార్చుకుంటాం. ఛారిటీ రైడ్ అలా కాదు కదా. మాది తలసేమియా పిల్లల రక్తమార్పిడి ఖర్చుల కోసం చేసే రైడ్, ఆ పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. రైడర్లలో సగం మంది ఎప్పుడూ వంద కిలోమీటర్లు దాటనోళ్ళే, చుట్టాల్ని ఫ్రెండ్స్‌ని బతిమాలి చందాలు పోగేసుకొచ్చినోళ్ళు. మొదటి రోజు సూర్యాపేట, దగ్గరదగ్గర 135 కిలోమీటర్లు, చీకటి పడేలోపు చేరకపోతే సైకిల్‌తో సహా వ్యాన్ ఎక్కించేస్తారు. ఒకడికి పంచరైతే ఎనిమిది మంది ఎండలో నిలబడాలి, అలా నాలుగు పంచర్లయితే చివర్న ఉన్న పాపం కొత్తోళ్ళకి వ్యానే గతి. అందుకే ట్యూబ్‌లెస్‌కి మారా.

సంగతేంటంటే లోపల ట్యూబ్ ఉండదు, టైరు అంచు రిమ్‌కి గట్టిగా పట్టేసి గాలి ఆపుద్ది, లోపల పాలలాంటి రబ్బరు ద్రవం పోస్తారు, సీలెంట్ అంటారు. చిన్న బొక్క పడగానే గాలితోపాటు ఆ ద్రవం బయటికి తన్నుకొచ్చి అక్కడే గడ్డకట్టేస్తుంది. మనకి తెలియను కూడా తెలియదు. రైడ్ అయ్యాక చక్రం తుడుస్తుంటే అక్కడక్కడ తడి చుక్కలు కనిపిస్తయ్, ఓహో ఇక్కడ గుచ్చుకుందన్నమాట అనుకుని ట్వీజర్‌తో వైరు ముక్క పీకేయడమే. సర్కారు తుమ్మ ముల్లు కూడా ఇంతే.

నా టైర్లు 700 x 32 సైజు, అంటే 32 మిల్లీమీటర్ల వెడల్పువి. ట్యూబులున్నప్పుడు 75 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) కొట్టేవాణ్ణి, తక్కువ కొడితే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్‌కీ రోడ్డుకీ మధ్య నలిగి పాము కాటేసినట్టు రెండు బొక్కలు పడేవి. ఇప్పుడు ముందు 50, వెనక 55. నా బరువు 78 కిలోలు, మీరు సన్నగా ఉంటే ఇంకా తగ్గించొచ్చు. అసలు లాభం ఇదేనేమో అనిపిస్తుంది నాకు, పంచర్ల కంటే కూడా. ఇంతకుముందు నకిరేకల్ దగ్గరికొచ్చేసరికి చేతుల్లో చిటికెనవేళ్ళు తిమ్మిరెక్కేవి, గరుకు రోడ్డు వైబ్రేషన్ అంతా హ్యాండిల్లోకి వచ్చేది, ఇప్పుడు ఆ తిమ్మిరి కోదాడ దాకా రావట్లేదు.

ఇక తలనొప్పులు. మొదటిది సీలెంట్ ఎండిపోవడం. బాటిల్ మీద ఎన్ని నెలలు రాసినా మన ఏప్రిల్, మే ఎండలకి, అందులోనూ సైకిల్ టెర్రస్ మెట్ల మీదో బాల్కనీలోనో పెట్టేవాళ్ళకి, రెండు నెలలు దాటితే లోపల ఏమీ ఉండదు, ఎండిన పొర తప్ప. చక్రం తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, గలగల వినపడితే ఉన్నట్టు. వినపడకపోతే వాల్వ్ కోర్ (గాలి కొట్టే వాల్వ్ లోపలుండే చిన్న పిన్ను) విప్పి అందులోంచి ఒక్కోదానికి 45 ఎంఎల్ దాకా పోస్తా. ఇంట్లో ఆడవాళ్ళు చూడనప్పుడు చేసుకోండి, ఆ ద్రవం గచ్చు మీద పడి ఆరిందంటే గోకి తీయాల్సిందే, బట్టల మీద పడితే ఇక వదలదు.

రెండోది బిగించడం. మామూలు ఫ్లోర్ పంపుతో చాలాసార్లు టైరు అంచు రిమ్‌లో కూర్చోదు, ఒక్కసారిగా గాలి తన్నాలి, అప్పుడు టప్ టప్‌మని శబ్దమొచ్చి కూర్చుంటుంది. హైవే పక్కన లారీల పంచర్ షాపులో కంప్రెసర్ ఉంటుంది కాబట్టి పని అయిపోద్ది కానీ సైకిల్‌ది సన్నటి ప్రెస్టా వాల్వ్, వాళ్ళ పైపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాలి. చిట్యాల దగ్గర ఒకతను టైరు తెరిచి చూసి "ట్యూబేది అన్నా, ఎవరన్నా కొట్టేశారా?" అన్నాడు, తర్వాత సంగతి తెలిసి బైకుకి పెట్టే ప్లగ్గే పెడదామని తెచ్చాడు గానీ అది మన సన్నటి టైరుకి మరీ లావు. సైకిల్ ప్లగ్గులు వేరే, సన్నటి రబ్బరు తాడు ముక్కలు, అవి నేను ఎప్పుడూ సీటు కింద సంచిలో ఉంచుతా. పెద్ద బొక్కైతే ఆ ముక్క గుచ్చేసి గాలి కొట్టుకోవడమే, చక్రం విప్పే పని లేదు. జగ్గయ్యపేట దాటాక ఓ మేకు దిగినప్పుడు ప్లగ్ పెట్టి నందిగామ, కంచికచర్ల అన్నీ దాటి గొల్లపూడి దాకా అలాగే వచ్చా.

కానీ టైరు పక్కగోడ చీలితే మాత్రం ఏ సీలెంటూ ఆపలేదు, అప్పుడు లోపల చీలిక దగ్గర ఓ అట్టముక్కో మడిచిన నోటో అడ్డం పెట్టి మామూలు ట్యూబ్ వేసుకోవాల్సిందే. కాబట్టి ట్యూబ్‌లెస్ అని ట్యూబులు ఇంట్లో వదిలేసి రాకండి, ఒకటి ఉండాలి. పంపు బదులు గాలి నింపడానికి వాడే చిన్న గ్యాస్ కాట్రిడ్జి కూడా వద్దు, ఆ గ్యాస్ తగిలితే కొన్ని సీలెంట్లు లోపలే ఉండలు కడతయ్. చేతిపంపే మేలు.

ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి అని కూడా అడుగుతుంటారు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఓఆర్ఆర్ (హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచారు, నీడ ఉంటుంది, కార్లు రావు, కాళ్ళకి అలవాటు కావడానికి బంగారం లాంటి చోటు. కానీ అక్కడ టైర్లకి పరీక్ష ఉండదు, మనుషులకీ ఉండదు. ఎదురుగాలి, లారీ పక్కనుంచి పోయినప్పుడు సైకిల్ లాగేయడం, ఇవన్నీ రోడ్డు మీదే తెలుస్తయ్. నేను ఆదివారాలు చేవెళ్ళ మర్రిచెట్ల మీదుగా వికారాబాద్ వెళ్ళి అనంతగిరి ఎక్కి దిగుతా, దిగేటప్పుడు మలుపుల్లో తక్కువ గాలితో ఉన్న టైరు ఎలా పట్టుకుంటుందో అక్కడే నమ్మకం కుదిరింది. సీటు, ప్యాడ్ ఉన్న నిక్కరు గురించి ఎక్కువ చెప్పను, ఎవరి ఒళ్ళు వాళ్ళది, ఒక్కటే మాట, నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకండి. సంక్రాంతి ముందు వారం మాత్రం ఆ రోడ్డెక్కకండి, పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల వరస చూస్తే మీకే అర్థమవుద్ది.

ఖర్చు చెప్పాలంటే టైర్లు, వాల్వులు, రిమ్ టేపు, సీలెంట్, కూలీ అన్నీ కలిపి పదివేలు దాటింది, పైగా రెండు నెలలకోసారి సీలెంట్. రిమ్ ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేదో కాదో ముందే చూసుకోండి, కాకపోతే చక్రాలు కూడా మార్చాలి, అప్పుడు లెక్క ఎక్కడికో పోద్ది. ఆఫీసుకి రోజూ ఐదారు కిలోమీటర్లు తొక్కేవాళ్ళకి ఇది దండగ, మంచి మందం టైరూ ట్యూబూ చాలు. ఏడాదికి ఒక్క రైడ్‌కే సైకిల్ బయటికి తీసేవాళ్ళకి అసలే వద్దు, నిలబెట్టిన సైకిల్లో సీలెంట్ ఊరికే ఎండిపోద్ది. వారం వారం యాభై కిలోమీటర్లు దాటి తొక్కుతూ హైవే రైడ్‌కి తయారయ్యేవాళ్ళయితే కళ్ళు మూసుకుని వేయించుకోండి, కాకపోతే రైడ్‌కి కనీసం నెల ముందు, ముందు రోజు సాయంత్రం కాదు.

నా వెనక టైరు మధ్యలో అరిగి చదునైంది, అందుకని ఈసారి ముందుదాన్ని వెనక్కి మార్చి ముందుకి కొత్తది వేయిస్తున్నా, అదే కంపెనీ అదే సైజు.