బ్రాడీపేటలో టెన్త్ లెక్కల ట్యూషన్: పాఠం బాగుంది, శనివారమే బాగాలేదు

గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్డులో నడిచే ట్యూషన్ ఇది. బ్యాచ్‌కి 24 మంది, సాయంత్రం 6 నుంచి 7:30 దాకా. గది ఇరుకే, గాలి మాత్రం ఆడుతుంది. అసలు చూడాల్సింది ప్రశ్న అడిగాక సార్ ఏం చేస్తారన్నది.

ఈ సార్ అడిగి ఆగుతారు, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతులు రికార్డు చేసి చూస్తే టీచర్లు సగటున సుమారు 1 సెకనే ఆగుతున్నారని తేలింది. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లలు ఎక్కువ మాట్లాడారు, జవాబు చెప్పకుండా ఉండిపోవడం తగ్గింది. మన దగ్గర ఇది మరీ అవసరం. "అర్థమైందా?" అంటే గదంతా "అయింది సార్" అంటుంది, కాలేదనడం పెద్దలకు ఎదురు చెప్పినట్టని పిల్లల భయం. అందుకే ఈయన ఆ మాటే అడగరు. "రెండో లైన్లో గుర్తు ఎందుకు మారింది?" అంటారు. దానికి తలూపితే సరిపోదు, చెప్పాల్సిందే.

తప్పులనూ బాగా వాడుకుంటారు. బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నా లోపలి రెండో పదం గుర్తు మార్చకుండా వదిలేసిన లెక్కను, ఎవరిదో చెప్పకుండా బోర్డు మీద వేసి అందరి చేతా వెతికిస్తారు.

ఇంత చేసీ శనివారం స్లిప్ టెస్ట్ మార్కులు పైనుంచి కిందికి పేర్లతో చదువుతారు. ఆ వరుసలోనే వారమంతా కూర్చోవాలి. బోర్డు దగ్గరగా కావాల్సిన పిల్లలే చివరికి పోతారు, సార్ చూపు అక్కడికి తక్కువ పడుతుంది. మూడో వారానికల్లా వాళ్లకి శనివారమే జ్వరం వస్తుంది.

"మన పిల్లలు నాలుగు తగిలిస్తేనే కదులుతారు" అనేవాళ్లు జపాన్‌ను చూపిస్తారు. 2001లో మనస్తత్వ పరిశోధకుడు హైన్ బృందం ప్రచురించిన ప్రయోగాల్లో, బాగా చేశారని తెలిశాక ఉత్తర అమెరికా విద్యార్థులు, బాగా చేయలేదని తెలిశాక జపాన్ విద్యార్థులు అదే తరహా పనిమీద ఎక్కువసేపు కూర్చున్న మాట నిజం. కానీ అక్కడ ఫలితాన్ని పదిమందిలో చదివి వినిపించలేదు. లోపం తెలియడం వేరు, పరువు పోవడం వేరు.

పేపర్లు మడిచి చేతికిచ్చి, పోయిన లెక్కల్లాంటివే రెండు సోమవారం మళ్లీ చేయిస్తే చాలు. సార్‌కి అదనంగా పావుగంట పని. బెంచీలు వారానికోసారి తిప్పాలి.

చేర్పించే ముందు డెమో క్లాసుతో సరిపెట్టుకోకండి. ఒక శనివారం 7 గంటలకు వెళ్లి వెనక బెంచీ పక్కన నిలబడి చూడండి.