నెల్లూరు పొగతోటలో ఎఫ్‌ఎఫ్‌ఆర్ పరీక్ష: నాలుగు స్టార్లు, ఒకటి కోత

ఆస్పత్రి పేరు రాయను. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, గట్టిగా అడగాల్సినవీ ఉన్నాయి. గుండె రక్తనాళం సన్నబడింది, స్టెంటు వేయాలా వద్దా అనే దగ్గర ఆగిపోయిన వాళ్లు నెల్లూరొచ్చి, అడ్డం అవతలికి రక్తం ఎంత పోతోందో కొలిచే ఈ పరీక్ష చేయించుకుంటే ఏం జరుగుతుంది, పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుందా అన్నదే నేను చెప్పదలుచుకున్నది. నా మట్టుకు ఉంది.

మాది నెల్లూరు దగ్గర బుచ్చి (బుచ్చిరెడ్డిపాలెం). ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా కనిగిరి రిజర్వాయరు కాలువల మీద గేజి రీడింగులు రాసుకుంటూనే గడిచింది. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతోందని వేరే ఊళ్లో యాంజియోగ్రామ్ తీయించాం. కుడి రక్తనాళంలో 70 శాతం, ఎడమవైపు ఎల్‌ఏడీ అనే పెద్ద నాళంలో 60 శాతం అడ్డం ఉందన్నారు. కుడిదానికి రేపే స్టెంటు వేసేద్దాం, ఎడమది మందులతో చూద్దాం అన్నారు. ఆ శాతాలు యాంజియోగ్రామ్ బొమ్మ చూసి కంటితో వేసిన అంచనాలు. బొమ్మలో సన్నగా కనబడింది సరే, అవతలికి రక్తం ఎంత పోతోందో ఎవరు కొలిచారు? అదడిగితే అక్కడ జవాబు రాలేదు. ఆ యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో దిగాను.

ఇక్కడి డాక్టరమ్మ సీడీ రెండుసార్లు తిప్పి చూసి, "మీది గుండెపోటు కాదు పెద్దాయనా, తొందరేం లేదు, కొలిచి చూద్దాం" అన్నారు. గుండెపోటు వస్తే సంగతి వేరు, మూసుకుపోయిన నాళాన్ని వెంటనే తెరవాల్సిందే, కొలతలకు టైముండదు. నాలాగా నడిస్తే నొప్పి, కూర్చుంటే తగ్గే వాళ్లకు ఈ పరీక్ష పనికొస్తుంది.

ఆమె చెప్పింది నాకు ఇట్టే అర్థమైంది. కాలువలో పూడికున్నా, ఒకటీ అరా తూములు తెరిచిన రోజుల్లో చివరి ఆయకట్టుకూ నీళ్లు బాగానే అందుతాయి. నాట్ల కాలంలో తూములన్నీ ఒకేసారి ఎత్తితేనే పూడిక బయటపడుతుంది. పై గేజి నిండుగా ఉంటుంది, కింది గేజి దిగిపోతుంది. గుండెలో కూడా మనం ఊరికే కూర్చున్నప్పుడు, అడ్డానికి అవతలున్న చిన్న నాళాలు వాటంతటవే తెరుచుకుని లోటు కప్పేస్తాయి. 1974లో అమెరికాలో లాన్స్ గౌల్డ్ బృందం కుక్కల మీద ప్రయోగం చేసి ఇదే చూపించింది. విశ్రాంతిలో రక్తప్రవాహం తగ్గాలంటే నాళం వ్యాసం 85 శాతం దాకా మూసుకుపోవాలి. నాళాలన్నీ బార్లా తెరిచినప్పుడు మాత్రం అంతకన్నా చాలా ముందే ప్రవాహం పడిపోవడం మొదలవుతుంది. అలా తెరిపించడానికే అడెనోసిన్ అనే మందు ఎక్కిస్తారు. అప్పుడు అడ్డానికి అవతలి ప్రెషర్‌ను ఇవతలి ప్రెషర్‌తో భాగిస్తే వచ్చేదే ఎఫ్‌ఎఫ్‌ఆర్. అడ్డమే లేకపోతే 1. అది 0.80 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే స్టెంటు గురించి ఆలోచిస్తారు. పైన ఉంటే మామూలుగా మందులే. నెదర్లాండ్స్ డాక్టరు నికో పైల్స్, బెల్జియం డాక్టరు బెర్నార్డ్ డి బ్రూయిన్ 1990లలో దీన్ని వాడుకలోకి తెచ్చారట.

ముందురోజు సాయంత్రం నర్సమ్మ చేసిన విచారణకు ఫుల్ మార్కులు. ఉబ్బసం ఉందా, ఊపిరి ఇబ్బందికి ఇచ్చే డెరిఫిలిన్ మాత్రలు వాడుతున్నారా, గుండె కొట్టుకునే కరెంటు సిగ్నల్‌కు బ్లాకు ఉందని ఎప్పుడైనా చెప్పారా అని ఒక్కొక్కటే అడిగింది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అడెనోసిన్‌తో ఊపిరి ఇబ్బంది కావచ్చు. డెరిఫిలినేమో మందును పనిచేయనివ్వదు. కాఫీ, టీ కూడా అంతే, కెఫీన్ పోయి అడెనోసిన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. మందు సరిగా పనిచేయకపోతే కింది నాళాలు పూర్తిగా తెరుచుకోవు, రీడింగు ఉన్నదానికన్నా బాగున్నట్టు కనబడుతుంది. కాబట్టి కాఫీ, టీ బంద్ అని గట్టిగా చెప్పి వెళ్లింది.

తెల్లారి అదే ఆస్పత్రి క్యాంటీన్ కుర్రాడు రెండిడ్లీ, పక్కన పొగలు కక్కే ఫిల్టర్ కాఫీ తెచ్చి నా మంచం పక్కన పెట్టాడు! మధ్యాహ్నం స్లాటు కాబట్టి తేలిక టిఫిన్‌కు ఒప్పుకున్నారు, సరే. మరి కాఫీ సంగతి క్యాంటీనుకు ఎవరు చెప్పాలి? మా బావమరిది తాగేశాడు, గొడవ లేకుండా పోయింది. తెలియని పేషెంటైతే తాగి లోపలికి పోయేవాడు.

క్యాథ్‌ల్యాబ్‌లో (గుండె నాళాల్లోకి గొట్టం పంపే గది) చలి బాగా ఎక్కువ, దుప్పటి అడగండి, ఇస్తారు. మణికట్టు దగ్గర మత్తు సూది ఇచ్చి గొట్టం పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, పెద్ద నాళం బిగుసుకోకుండా నైట్రోగ్లిజరిన్ ఇచ్చారు. తర్వాత ప్రెషర్ వైరు. దాని మందం 0.36 మిల్లీమీటర్లు, కొసకు ఓ మూడు సెంటీమీటర్ల ఇవతల సెన్సరు ఉంటుంది. నాకు బాగా నచ్చిన పని ఇక్కడే చేశారు. వైరును అడ్డం దాటించకముందే, గొట్టం మూతి దగ్గర ఆపి, స్క్రీను మీద గొట్టం ప్రెషర్ చూపే ఎర్ర గీతనూ వైరు ప్రెషర్ చూపే పచ్చ గీతనూ ఒకదాని మీద ఒకటి పడేదాకా సరిచేశారు. రెండు గేజీలు ఒకే చోట ఒకే మట్టం చూపించాలి, లేకపోతే తర్వాత తీసిన తేడాకు విలువేముంది? కొలత అయిపోయాక వైరును మళ్లీ అక్కడికే లాగి గీతలు కలుస్తున్నాయో లేదో ఇంకోసారి చూశారు. మా డిపార్ట్‌మెంట్‌లో కూడా ఇంత ఓపిగ్గా గేజి సరిచూసిన వాళ్లను పెద్దగా చూడలేదు.

తర్వాత చేతి నరంలోంచి అడెనోసిన్ మొదలుపెట్టారు. కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల లెక్క. "రెండు నిమిషాలు ఛాతీ పట్టేసినట్టుంటుంది పెద్దాయనా, టెన్షన్ పడొద్దు, ఆపగానే పోతుంది" అన్నాడు టెక్నీషియన్. ముందు మొహం, చెవులు వేడెక్కాయి. తర్వాత ఛాతీ మీద ఎవరో చెయ్యానించి నొక్కుతున్నట్టు, గాలి నిండా పీల్చుకోవాలన్న ఆరాటం. బాగుందని చెప్పను. పచ్చ గీత ఎర్ర గీతను వదిలేసి కిందికి జారడం మాత్రం కళ్లారా చూశాను. మందు ఆపాక నిమిషం లోపే అంతా మామూలైంది. రక్తంలో ఇది కొన్ని సెకన్లకే విరిగిపోతుందట.

కుడి నాళం రీడింగు 0.87. 60 శాతమే అన్న ఎడమది 0.76. అంటే వదిలేద్దామన్నదానికి స్టెంటు పడింది, వేసేద్దామన్నది మందులతో మిగిలింది. అదే వైరు మీదుగా స్టెంటు వేసి, మళ్లీ మందెక్కించి కొలిస్తే 0.91 వచ్చింది.

"ఏంది బావా, 70 ఉన్నదాన్ని వదిలేసి 60 ఉన్నదానికి వేశారంటే ఎవరన్నా నమ్ముతారా?" అని బావమరిది వార్డులో ఒకటే గొణుగుడు. డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పారు. ఎల్‌ఏడీ కింద ఉండే గుండె కండరం ఎక్కువ, అంటే పెద్ద ఆయకట్టు, అదే సన్నదనం అక్కడ ఎక్కువ దెబ్బ కొడుతుంది. 2009లో వచ్చిన ఫేమ్ అనే అధ్యయనంలో 1,005 మందిని చూశారు. కంటికి 50 నుంచి 70 శాతంగా కనబడిన అడ్డాల్లో నిజంగా ప్రవాహాన్ని ఆపుతున్నవి 35 శాతమే. 71 నుంచి 90 శాతంగా కనబడిన వాటిలో కూడా ఐదింటిలో ఒకటి ఆపడం లేదు. కొలిచి స్టెంట్లు వేసిన వాళ్లలో ఏడాదిలోపు మరణం, గుండెపోటు, మళ్లీ ఆపరేషన్ లాంటివి 13.2 శాతం మందికి వస్తే, బొమ్మ చూసి వేసిన వాళ్లలో 18.3 శాతం మందికి వచ్చాయి.

అడెనోసిన్ పడని వాళ్లకు దారి లేకపోలేదు. మందు లేకుండా విశ్రాంతిలోనే కొలిచే ఐఎఫ్‌ఆర్ అనే పద్ధతి ఉంది, దానికి హద్దు 0.89. అది ఎఫ్‌ఎఫ్‌ఆర్‌కు తీసిపోదని 2017లో రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. కొన్నిచోట్ల నికోరాండిల్ మందును నేరుగా గుండె నాళంలోకి ఇచ్చి కొలుస్తారు. మీ ఆస్పత్రిలో ఏది చేస్తారో ముందే అడగండి.

ఇక కోత పెట్టిన స్టార్ సంగతి. స్టెంటు ధరకు 2017 ఫిబ్రవరిలోనే కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది, మందు పూత స్టెంటుకు అప్పట్లో 29,600 రూపాయలు, తర్వాత సవరిస్తూ వస్తున్నారు. ఆ లెక్క జనానికి కాస్తో కూస్తో తెలుసు. ప్రెషర్ వైరు సంగతి ఎవరికీ తెలియదు. ఒకసారి వాడి పారేసే ఆ వైరుకే దాదాపు స్టెంటంత బిల్లయింది. ఆ మాట నాకు చెప్పింది ఎప్పుడు? గౌను తొడిగి, స్ట్రెచర్ ఎక్కించాక, సంతకం పెట్టమని ఇంగ్లిష్ కాగితం చేతికిస్తూ. ఆ వేళకు వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? ఓపీలో కూర్చున్నప్పుడే తెలుగులో ఒక చీటీ మీద రాసిస్తే సరిపోయేది. కౌంటర్‌లో ఇదే అడిగితే, "అందరికీ ఇలాగే చెప్తామండీ" అన్నారు.

ఇంకొకటి, రీడింగుల ప్రింటు వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. డిశ్చార్జి సమ్మరీలో రెండు అంకెలు రాసి వదిలేస్తారు. గీతలున్న కాగితం కావాలని క్యాథ్‌ల్యాబ్ పక్కనున్న రికార్డుల గదిలో అడిగితే అప్పటికప్పుడు ఉచితంగా తీసిచ్చారు. బిల్లు కట్టకముందే అడిగితే పని తొందరగా అవుతుంది, మధ్యాహ్నం భోజనాల వేళ ఆ గదికి తాళం వేసి ఉంటుంది.