మా ఇంట్లో మూడేళ్లుగా మైన్‌క్రాఫ్ట్

మా అబ్బాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఈ అపార్ట్‌మెంట్‌కి మారిన ఏడాదే మైన్‌క్రాఫ్ట్ కొనిచ్చాను. బ్లాకులు పేర్చి ఏదైనా కట్టుకునే వీడియో గేమ్ అది. ఇక్కడ ఆడుకోవడానికి కింద పార్కింగ్ తప్ప చోటు లేదు. 2011లో పూర్తిగా విడుదలైన ఆటని పిల్లలు ఇంకా వదలడం లేదంటే అందులో ఏదో ఉండే ఉంటుందనుకున్నాను.

ఉంది. కిందటి వేసవిలో మా అమ్మవాళ్ల పాత మండువా ఇంటిని ఇందులో కట్టాడు. వాడు పుట్టకముందే అమ్మేసిన ఇల్లది. రోజూ నెల్లూరుకి వీడియో కాల్. "అమ్మమ్మా, వసారాలో స్తంభాలెన్ని? బావి ఎటు పక్క?" మా అమ్మకి గేమ్ సంగతి తెలియదు. అయినా "బావి పెరట్లో నాన్నా, పక్కనే తులసికోట" అంటూ కళ్లు మూసుకుని చెప్పేది. వీధి గుమ్మం దగ్గర స్విచ్ వేస్తే దీపాలన్నీ వెలగాలని రెడ్‌స్టోన్ పరిచాడు. ఈ ఆటలో అది కరెంటు తీగలాంటిది. పెరటి దీపం మాత్రం వెలగలేదు. దీపాన్ని ఒక్కో బ్లాకూ వెనక్కి జరుపుకుంటూ వచ్చి, సిగ్నల్ 15 బ్లాకులు దాటదని వాడే కనిపెట్టాడు. మధ్యలో సిగ్నల్‌ని మళ్లీ బలంగా ముందుకు పంపే రిపీటర్ పెట్టాడు, వెలిగింది. ట్యూషన్‌లో అరగంట కుదురుగా కూర్చోని పిల్లాడు!

ఇక టైమ్. ఈ ఆటలో పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలే. "ఇంకొక్క రోజు అమ్మా" అంటే కాదనబుద్ధి కాదు. అలా అలా పదకొండయ్యేది. ఒకసారి ఫ్రెండ్స్‌తో ఆడుతుంటే కోపంతో ట్యాబ్ లాక్కున్నాను. అప్పుడే గుహలో వాడి క్యారెక్టర్ చనిపోయింది. పడిపోయిన సామాను 5 నిమిషాల్లో తీసుకోకపోతే మాయమవుతుందని నాకు తెలియదు. వారం రోజుల కష్టం పోయింది. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు నాదే. ఇప్పుడు గడియారం చూపించి ఆపమనను, ఆటలో తెల్లారగానే ఆపాలి. ఈ ఒప్పందం బాగానే నడుస్తోంది, పరీక్షల రోజుల్లో తప్ప.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం సర్వర్, అంటే ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి ఆడే చోటు. అప్పుడు వాడికి పన్నెండేళ్లు. ఎవరో ఆటలో వజ్రాలిస్తానని మాట కలిపారు. ఆ తర్వాత ఏ స్కూలు, ఏ ఏరియా, వేరే చాట్ యాప్‌లోకి రా అని వరుసగా అడిగారు. 'మారతహళ్లి' అని టైప్ చేసి పంపేశాడు కూడా. పక్కనే కూర్చుని ఉన్నాను కాబట్టి కనబడింది. నా చేతులు చల్లబడిపోయాయి. వాణ్ణి తిట్టలేదు, తిడితే మరోసారి నాకు చెప్పడు. పిల్లల అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మల్టీప్లేయర్, అంటే ఇతరులతో కలిసి ఆడటం, ఆపేశాను. కొన్ని నెలల తర్వాత మళ్లీ తెరిచాను. మా బిల్డింగ్ పిల్లలు ముగ్గురితోనే ఆడాలి, పబ్లిక్ సర్వర్ల జోలికి పోకూడదన్నది షరతు.

పదేళ్లు దాటిన పిల్లలకి కొనివ్వమనే చెప్తాను. కొన్న రోజే ఆ సెట్టింగ్స్ చూసుకోండి. ఆటలోని దుకాణం మార్కెట్‌ప్లేస్‌లో డబ్బు పెట్టి కొనేవి చాలా ఉంటాయి, కార్డు వివరాలు సేవ్ చేయొద్దు. మా ఇంట్లో ట్యాబ్ హాల్లోనే ఉంటుంది, హెడ్‌ఫోన్స్ లేకుండా. చప్పుడు భరించడం కష్టమే, అయినా అలాగే ఉంచుతున్నాను.