ఐదుకి రెండున్నర స్టార్లు: దొంగ మెయిల్ వచ్చిన రాత్రి నా క్రెడిట్ కార్డు సర్వీసు

క్రెడిట్ కార్డు రివ్యూ అంటే అందరూ ఎయిర్‌పోర్టు లాంజ్, క్యాష్‌బ్యాక్, పెట్రోలు మీద ఒక శాతం తగ్గింపు, ఇవే రాస్తారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో జిరాక్స్ షాపు నడుపుకునేవాడికి లాంజ్ దేనికి చెప్పండి. నేను రాసేది వేరే సంగతి. దొంగ మెయిల్ నొక్కి, కార్డు నంబరు మొత్తం తీసుకెళ్ళి దొంగ చేతిలో పెట్టేశాక, రాత్రి పది దాటాక ఈ కార్డు వాళ్ళు నన్ను ఎలా చూశారు అన్నది. బ్యాంకు పేరు అడగకండి, చెప్పను.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. మా షాపులో ఆన్‌లైన్ ఫారాలు నింపుతాం, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాం. పాతపట్నం వైపు నుంచి కూడా జనం వస్తారు. రోజుకి పదిమందికి "ఓటీపీ ఎవరికీ చెప్పకు మావయ్యా" అని చెప్పేది నేనే. కార్డు తీసుకున్నది పేపరు బండిళ్ళు, టోనరు విశాఖ నుంచి తెప్పించుకోడానికి. బిల్లు కట్టడానికి నెల పైన గడువు దొరుకుతుంది, మా వ్యాపారానికి అదే పెద్ద లాభం. రెండేళ్ళు వాడాను, ఏ ఇబ్బందీ లేదు. అప్పుడే రాసి ఉంటే నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

ఆ రాత్రి తొమ్మిదీ నలభైకి షట్టరు సగం దించి ఫోను చూసుకుంటుంటే మెయిల్. "మీ 9,850 రివార్డు పాయింట్లు ఈ రాత్రి 11:59తో ముగుస్తాయి." నా దగ్గర నిజంగానే తొమ్మిది వేల పైచిలుకు పాయింట్లు ఉన్నాయి. వాడికి తెలిసి రాశాడా అంటే కాదు, లక్షమందికి పంపితే నాలాంటివాళ్ళు కొందరు ఎలాగూ తగులుతారు. బ్యాంకు బొమ్మ, రంగు, కింద చిన్న అక్షరాల్లో నిబంధనలు, అన్నీ ఉన్నాయి. "4తో మొదలయ్యే మీ కార్డు" అని కూడా ఉంది, అది చూసే నమ్మాను. తర్వాత తెలిసింది, వీసా కార్డులన్నీ 4తోనే మొదలవుతాయి, మాస్టర్‌కార్డు అయితే ఎక్కువగా 5. మొదటి అంకెలు ఏ కంపెనీ, ఏ బ్యాంకు అనేదే చెబుతాయి, మనం ఎవరమో చెప్పవు. మనవి అని చెప్పగలిగేవి చివరి నాలుగు, అవి ఆ మెయిల్‌లో లేవు.

లింకు నొక్కాను. నంబరు, గడువు తేదీ, వెనక ఉండే సీవీవీ మూడంకెలు, అన్నీ కొట్టాను. ఓటీపీ వచ్చింది. చేతినిండా టోనరు మసి, కడుక్కుంటూ మా ఆవిడకి ఫోను ఇచ్చి "ఆ ఆరంకెలు చదువు" అన్నాను. ఆవిడ అంకెలు వదిలేసి మెసేజ్ మొదటి నుంచి చదివింది. చదివి, "నలభై ఎనిమిది వేల ఏడు వందలకి ఓటీపీ అంటండీ. పాయింట్లిచ్చేవోడు మన దగ్గిర డబ్బులడుగుతాడేటండీ?" అంది.

కుళాయి కట్టేసి అలా నిలబడిపోయాను. మనమంతా ఓటీపీ మెసేజ్‌లో అంకెలే చూస్తాం, ఎంత సొమ్ము, ఎవరికి అన్నది అదే మెసేజ్‌లో ఉంటుంది, దాన్ని చూడం.

ఓటీపీ ఇవ్వలేదు కాబట్టి బయటపడ్డాం అనుకున్నాను. పదీ రెండుకి ఇంకో మెసేజ్, ఏదో విదేశీ సైటులో 6,240 రూపాయలు పోయాయి. ఓటీపీ లేదు, ఏమీ లేదు. మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోలుకి ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ తప్పనిసరి కానీ బయటి సైట్లు చాలావాటికి నంబరు, తేదీ, సీవీవీ ఉంటే చాలు. రిజర్వు బ్యాంకు 2020లోనే కార్డులన్నిటికీ స్విచ్చులు పెట్టించింది, కొత్త కార్డు వచ్చేటప్పటికే విదేశీ వాడకం ఆపేసి ఉంటుంది, మనం కావాలనుకుంటేనే తెరవాలి. నేను తెరిచాను. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టాలని ఏడాది కిందట తెరిచి మళ్ళీ మూయడం మర్చిపోయాను. గోశాల తలుపు తీసి పడుకున్నట్టు.

ఇక్కడి నుంచి అసలు రివ్యూ.

పక్క మందుల షాపు బావ "కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో కొట్టు బావా" అన్నాడు. ఆ పని మాత్రం చేయకండి. అలా వెతికేవాళ్ళ కోసమే దొంగలు నంబర్లు పరిచి కూర్చుంటారు. కార్డు వెనకే నంబరు ఉంటుంది. దానికి చేశాను. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు, ఒడియాకి మూడు. తెలుగు లేదు, అడ్రసు ఒడిశా కదా. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని, నా డబ్బు పోయిందని చెప్పుకోడానికి తెలుగు నంబరు లేదు. ఒడియా నాకు బాగానే వచ్చు, బేరాలన్నీ అందులోనే, కానీ టెన్షన్‌లో ఏ భాషా నోటికి రాదు. మూడు నొక్కాను. పదకొండు నిమిషాల పాటు పాట. మధ్యమధ్యలో "మీకు ముందే మంజూరైన లోను సిద్ధంగా ఉంది" అని ప్రకటన. కార్డు పోయింది, మోసం జరిగింది అన్నవాళ్ళకి వేరే దారి పెట్టాలని వీళ్ళకి తోచలేదా, లేక తోచే పెట్టలేదా తెలియదు.

ఎట్టకేలకు ఒకమ్మాయి ఎత్తింది. నేను ఒడియాలో మొదలుపెట్టి, లైను కరకరమంటే నాలో నేను "ఓరి దేవుడా" అన్నాను. అవతలి నుంచి "సర్, తెలుగేనా? చెప్పండి, తెలుగులోనే చెప్పండి" అని వినిపించింది. ఈ రివ్యూలో ఐదు స్టార్లు ఆ అమ్మాయికి ఒక్కర్తికే. ఓటీపీ అడగలేదు, పూర్తి కార్డు నంబరు అడగలేదు, చివరి నాలుగంకెలు, పుట్టిన తేదీ అడిగి, కార్డు ఆపేసి, ఫిర్యాదు నంబరు ఇచ్చింది. బ్లాక్ అయినట్టు మెసేజ్ వచ్చేసరికి 10:24. "ఈ మెసేజ్ చెరపకండి సర్" అంది. ఎందుకన్నదో అప్పుడు అర్థం కాలేదు.

10:26కి మరో 4,310 పోయింది. ఆపేసిన కార్డు మీద.

వెంటనే 1930కి చేశాను. సైబర్ మోసాల్లో డబ్బు పోతే ఫిర్యాదు చేయాల్సిన జాతీయ నంబరు ఇదే. ఎంత పోయింది, ఎన్నింటికి, లావాదేవీ నంబరేంటి, చివరి నాలుగంకెలేంటి, ఇవి ముందే కాగితం మీద రాసుకుని చేస్తే పని త్వరగా అవుతుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఇవ్వొచ్చు, మన వైపు వాళ్ళు రాష్ట్రం ఎంచుకునేటప్పుడు ఒడిశా, జిల్లా గజపతి అని పెట్టాలి, సిమ్ము ఆంధ్రాది కదా అని ఆంధ్ర పెట్టేస్తారు చాలామంది.

మర్నాడు బ్యాంకు యాప్ తీరిగ్గా తిరగేస్తే కార్డుని క్షణంలో ఆపేసే బటన్ అందులోనే ఉంది. సర్వీసులు అన్నదాని లోపల, దాని లోపల, ఇంకో దాని లోపల. లోను బటన్ మాత్రం తెరవగానే ముఖం మీద ఉంటుంది. ఈ ఒక్క దానికే ఒక స్టారు కోస్తున్నాను. మీ కార్డు ఏదైనా సరే, ఈ బటన్ ఎక్కడుందో ఇప్పుడే ఒకసారి చూసుకోండి.

బిల్లులో రెండు మొత్తాలూ వచ్చాయి. ఈ ఖర్చు నాది కాదని రాసిచ్చే వివాదం ఫారం ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపమన్నారు. నాది జిరాక్స్ షాపు కాబట్టి సరిపోయింది, గుమ్మ నుంచో కాశీనగర్ నుంచో వచ్చే మనిషి ఏం చేయాలి? "బ్రాంచికి వెళ్ళండి" అన్నారు ఒకసారి. వాళ్ళ బ్రాంచి బరంపురంలో. వెళ్ళి రావడానికి ఒక రోజు పోతుంది, షాపు మూసుకోవాలి.

రెండు వారాలు "మీరే వివరాలు ఇచ్చారు కాబట్టి మీదే బాధ్యత" అన్న ఒకే పాట. అప్పుడు రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్ చదివాను. అందులో ఉన్నది నాకు అర్థమైనంతలో ఇదీ. తప్పు మనదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగింది అనుకోండి, మూడు పని దినాల్లోపు చెబితే మన మీద పైసా పడదు, నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే ఐదు లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకి మన వాటా పదివేలు దాటదు. అదే మనమే వివరాలు ఇచ్చేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మనదే. కానీ చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుదే. ఎంత నిర్లక్ష్యంగా ఉన్నా సరే, చెప్పిన క్షణం నుంచి వాళ్ళది.

10:24 మెసేజ్ ఎందుకు దాచుకోమందో అప్పుడు తెలిసింది. దాని ఫొటో, 10:26 మెసేజ్ ఫొటో పక్కపక్కన పెట్టి, సర్క్యులర్ తేదీ రాసి, తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్తానని ఒక పేరా కొట్టాను. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా అక్కడికి వెళ్ళొచ్చు, ఖర్చు లేదు. నాకు అంతదాకా పోలేదు, 4,310 వెనక్కి వచ్చింది. 6,240 రాలేదు. అది నా తప్పే, దానికి స్టారు కోయను.

మధ్యలో ఇంకో వినోదం. ఫిర్యాదు ఇచ్చిన మూడో రోజు ఒకడు ఫోను చేసి "సర్, మీ రిఫండ్ విభాగం నుంచి" అని హిందీలో మొదలెట్టి, వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, పంపి ఎక్కించుకోమన్నాడు. ఒకసారి మునిగినవాణ్ణే మళ్ళీ ముంచడానికి వస్తారు. మామూలు పదంకెల మొబైల్ నంబరు. బ్యాంకులు ఖాతా పనుల మీద చేసే కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది. ఫైలు చెరిపేసి, టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైటులో, దొంగ కాల్స్ మీద చెప్పుకోడానికి పెట్టిన చక్షులో ఆ నంబరు మీద ఫిర్యాదు పెట్టాను.

ఇక నా అసలు కోపం. ఆ మెయిల్‌నీ, అదే వారం బ్యాంకు నిజంగా పంపిన మెయిల్‌నీ ప్రింటు తీసి కౌంటరు మీద పక్కపక్కన పెట్టి, ఎర్ర పెన్నుతో అనుమానం వచ్చిన చోటల్లా గీత గీశాను. దొంగ మెయిల్‌లో పంపినవాడి పేరు బ్యాంకుదే, పేరు మీద నొక్కితే మాత్రం కింద ఎక్కడిదో టైల్స్ దుకాణం అడ్రసు. ఫోనులో పేరొక్కటే కనిపిస్తుంది, అందుకే మోసపోతాం. లింకులో బ్యాంకు పేరు మొదట్లో ఉంది, చివర "రివార్డ్స్ హైఫన్ క్లెయిమ్ డాట్ టాప్". మనకి ఇంటిపేరు ముందు ఉంటుంది, వెబ్ అడ్రసుకి ఇంటిపేరు చివర ఉంటుంది. మొదటి ఒంటి ఏటవాలు గీటుకి (/) ఎడమ పక్కన ఏముందో అదే వాడి ఇంటిపేరు, దానికి ముందు ఎవడి పేరైనా తగిలించుకోవచ్చు. తాళం బొమ్మ రెండు సైట్లకీ ఉంది, దానికి అర్థం దారిలో ఎవరూ తొంగి చూడరని మాత్రమే, అవతల కూర్చున్నవాడు మంచివాడని కాదు. పైగా, పాయింట్లు జమ చేయడానికి సీవీవీ దేనికి?

సరే, ఇప్పుడు అసలు మెయిల్. పంపింది బ్యాంకు అడ్రసు కాదు, ఎవరో మెయిళ్ళు పంపే కంపెనీది. లింకు మీద వేలు నొక్కి పట్టుకుంటే అర గజం పొడుగు అక్షరాల కలగూరగంప, అందులో బ్యాంకు పేరే లేదు. "ఈ రాత్రితో ఆఫర్ ముగుస్తుంది" అని ఇక్కడా ఉంది. "ఇక్కడ నొక్కండి" బటన్ ఇంకా పెద్దది. ఎర్ర గీతలు లెక్కపెడితే అసలుదానికే రెండు ఎక్కువ వచ్చాయి. మా షాపు కుర్రాడికి రెండూ చూపించి "ఏది దొంగది?" అంటే బ్యాంకుదే చూపించాడు.

బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ఇంటిపేరుకి మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ దాన్ని బ్యాంకులకే ఇస్తుంది, దారినపోయేవాడు కొనుక్కోలేడు. మంచి పని. వీళ్ళ వెబ్‌సైటు మారింది. ఆఫర్ల మెయిళ్ళు మాత్రం ఇంకా ఆ పరాయి అడ్రసు నుంచే వస్తున్నాయి. "తెలియని లింకులు నొక్కకండి" అని హెచ్చరిక మెయిల్ పంపి, దాని అడుగున "మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి" అని పెట్టిన మహానుభావులు వీళ్ళు. వారానికి నాలుగుసార్లు నొక్కడం నేర్పించి, ఐదోసారి నొక్కితే మీదే బాధ్యత అంటారు. ఈ విభాగానికి సున్నా.

నేను ఇప్పుడు ఏ మెయిల్ వచ్చినా, అసలుదైనా నకిలీదైనా, అందులోంచి నొక్కడం మానేశాను. యాప్ విడిగా తెరిచి పాయింట్లున్నాయో లేవో అక్కడే చూసుకుంటాను. విదేశీ స్విచ్ మూసేశాను, సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టే రోజు తీసి, కట్టాక మళ్ళీ మూస్తాను. ఓటీపీ వస్తే ఇంట్లో చదివే డ్యూటీ ఆవిడది.

కార్డు మాత్రం వదల్లేదు, టోనరు బాకీ గడువు అలాంటిది. నిన్న బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. "మీ ఫిర్యాదు పరిష్కారమైంది. మా సేవ ఎలా ఉంది? రేటింగ్ ఇవ్వడానికి ఇక్కడ నొక్కండి." పంపింది మళ్ళీ ఇంకో కొత్త కంపెనీ, డాట్ కామ్. నిజంగా వాళ్ళే పంపారేమో, ఏమో. నొక్కలేదు. అందుకే రేటింగ్ ఇక్కడ ఇస్తున్నాను.