టీవీకి తగిలించే పాత వీడియో గేమ్ సెట్లు కొంటున్నారా? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు హెచ్చరిక

పరీక్షలు అయిపోయాయనో, పుట్టినరోజనో పిల్లలకి టీవీ వీడియో గేమ్ కొనాలనుకునేవాళ్ళు డబ్బులు కట్టే ముందు ఇది చదవండి. మన చిన్నప్పటి మారియో, కాంట్రా, బాతుల గేమ్ అన్నీ ఉన్నాయంటూ అమ్మే సెట్ల గురించే చెప్తున్నాను. బాక్స్ మీద "9999999 ఇన్ 1" అనో "4కే, 20,000 గేమ్స్" అనో పెద్దక్షరాలతో వేసి, పక్కన ప్లాస్టిక్ గన్ను బొమ్మ ఉంటే మరీ జాగ్రత్త. ఆ అంకె అబద్ధం. ఆ గన్ను మీ ఇంట్లో ఉన్న ఎల్ఈడీ టీవీ మీద పనిచేయదు.

నేను తిరుపతిలో టీవీ రిపేర్లు చేస్తాను. "కొత్త గేమ్ పెట్టాం, టీవీ పాడైనట్టుంది, వచ్చి చూడన్నా" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. వెళ్ళి చూస్తే టీవీకి ఏమీ ఉండదు. ఈసారి అదే ఫోన్ మా అక్క ఇంటి నుంచి వచ్చింది. మా మేనల్లుడి పుట్టినరోజుకి మా బావ ఊళ్ళోనే ఒక షాపులో రూ.2,400 పెట్టి ఒక సెట్టు తెచ్చాడు. రెండు రిమోట్లు, ఒక పసుపు క్యాసెట్, ఒక గన్ను, ఒక అడాప్టర్. పిల్లోడు వీధిలో ఉన్న స్నేహితులందరినీ పిలిచి సోఫా ముందు కూర్చోబెట్టాడు.

మా వయసు వాళ్ళకి ఆ బాక్స్ చూపిస్తే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఎందుకో తొంభైల్లో ఇక్కడ పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వీధిలో ఒకరింట్లో వీడియో గేమ్ ఉందంటే ఆ గడప ముందంతా పిల్లల చెప్పులే. మద్రాసు బర్మా బజార్ నుంచి తెచ్చారంటే ఆ అబ్బాయికి స్కూల్లో మర్యాదే వేరు. మా నాయన కూడా ఒక వేసవి సెలవుల్లో తెచ్చిచ్చాడు. టీవీ వెనకాల యాంటెనా వైరు పీకి గేమ్ వైరు పెట్టి, ట్యూనింగ్ మెల్లగా తిప్పుతూ పోతే, ఆ చుక్కల్లోంచి బొమ్మ ఒక్కసారిగా వచ్చి నిలబడేది. ఆ క్షణంలో ఇంట్లో ఎవరికీ ఊపిరి ఆడేది కాదు. మెనూలో వెనకాల సముద్రం, ఎగిరే పక్షులు, ముందు వరసగా గేముల పేర్లు. అన్నీ ఆడి తీరాలని మా అక్క ఒక నోట్‌బుక్ పెట్టి, ఆడిన గేమ్ పేరు నంబరుతో సహా రాసుకుంటూ వచ్చింది. ఒక పేజీ నిండేలోపే ఒకటో నంబరు గేమ్ ఇంకో పేరుతో మళ్ళీ వచ్చింది. తర్వాత ట్యాంకుల గేమ్ వచ్చింది. ఆ తర్వాత కాంట్రా, ఈసారి జలపాతం లెవెల్ నుంచి మొదలై. అక్క ఏమీ మాట్లాడకుండా నోట్‌బుక్ మూసేసింది. నాయన ముందర మాత్రం ఇద్దరం చాలా బాగుందనే చెప్పాం. ఆయన ఎంత ఖర్చు పెట్టి తెచ్చాడో మాకు తెలుసు.

ఇప్పుడు అమ్ముతున్నది కూడా అదే సరుకు. ముప్పై ఏళ్ళ కిందట మనల్ని నిరాశపరిచిన ఆ అంకెనే ఇప్పుడు మన పిల్లల కోసం మనకే అమ్ముతున్నారు. నాకు కోపం అందుకే.

లెక్క చూడండి. వీటన్నిటికీ మూలం నింటెండో కంపెనీ 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే మెషీన్. మన ఊళ్ళకి వచ్చినవి ఎక్కువగా దాన్ని చూసి వేరేవాళ్ళు చేసిన నకళ్ళు. జపాన్‌లో ఆ మెషీన్‌కి అధికారికంగా వచ్చిన గేములే వెయ్యి పైచిలుకు. ఇక దాదాపు కోటి గేములు ఎక్కడి నుంచి వస్తాయి? అదే కంపెనీ 2016లో పాత అమెరికా మోడల్‌ని చిన్న సైజులో మళ్ళీ తెచ్చినప్పుడు అందులో పెట్టినవి 30 గేములు. అసలు కంపెనీ ముప్పై పెడితే, పేరు ఊరు లేని బాక్సులో లక్షలు ఉంటాయా?

బావ తెచ్చిన సెట్టు మెనూ నేను ఓపికగా కిందదాకా తిప్పి చూశాను. వేరువేరు గేములు ఇరవై లోపే. సూపర్ మారియో, ట్యాంకుల గేమ్ అని మనం పిలిచే బ్యాటిల్ సిటీ, రోడ్ ఫైటర్ కారు గేమ్, కాంట్రా, బాతుల గేమ్, ఇంకొన్ని. మిగతావన్నీ వీటికే పేర్లు మార్చినవి. ఒకచోట మారియో రెండో లెవెల్ నుంచి మొదలవుతుంది, ఇంకోచోట లైఫ్‌లు ఎక్కువ ఇస్తుంది, మరోచోట చొక్కా రంగు మారుతుంది. గేమ్ మొదలయ్యే ముందు మెమరీలో ఒకటి రెండు విలువలు మార్చితే చాలు, మెనూలో ఇంకో నంబరు పెరిగిపోతుంది.

ఆ పాత గేములు చెడ్డవని నేను అనడం లేదు. 1985 నాటి సూపర్ మారియో మొత్తం 40 కేబీ. ఇప్పుడు ఫోన్లో తీసే మామూలు ఫొటో కూడా దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. అంత కొంచెం జాగాలో అన్ని లోకాలు, అంత సంగీతం ఎలా పట్టించారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పిల్లలకి చూపించాల్సిన గేములే అవి. పది గేములని నిజం రాసి, దానికి తగ్గ ధర పెట్టి అమ్మితే నేనే పదిమందికి చెప్పి కొనిపిస్తాను.

ఇక గన్ను సంగతి. పుట్టినరోజు సాయంత్రం పాడైంది దీనివల్లే. పిల్లోడు ముందు దూరం నుంచి కొట్టాడు. తర్వాత రెండడుగులు ముందుకొచ్చాడు. చివరికి గన్ను మూతి స్క్రీన్‌కి ఆనించి, బాతు మీదే పెట్టి నొక్కాడు. బాతు పడలేదు, గేములోని కుక్క లేచి నవ్వింది. స్నేహితులు కూడా నవ్వారు. "మామా, గన్ను పేలతా ఉంది గానీ బాతు పడలేదు, మన టీవీ పాడైందా?" అని వాడు ఫోన్లో అడిగినప్పుడు గొంతులో ఏడుపు వినిపిస్తోంది.

టీవీ పాడవలేదు, గన్నులోనూ తీగ తెగలేదు. అసలు ఆ గన్ను నుంచి ఏమీ బయటికి రాదు. దాని మూతి లోపల వెలుతురుని పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం పూర్తిగా నల్లబడి, వెంటనే బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి పెట్టె మెరుస్తుంది. ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు కనిపిస్తే గురి తగిలినట్టు. ముందు చీకటి ఎందుకంటే, బల్బు వైపు గురిపెట్టి మోసం చేయకుండా. ఇదంతా పాత పిక్చర్ ట్యూబ్ టీవీ కోసం చేసిన ఏర్పాటు. ఆ టీవీలో ఒక కిరణం గీత తర్వాత గీతగా బొమ్మని గీస్తూ పోతుంది, మెషీన్ పంపిన క్షణంలోనే తెర మీద వెలుగు పడుతుంది. ఎల్ఈడీ టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మని లోపల సర్దుకుని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. పైగా ఆ గన్ను పసిగట్టే పిక్చర్ ట్యూబ్ మిణుకు ఇందులో ఉండదు. సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. కొత్త టీవీలకి పనికొచ్చే గన్నులు వేరే పద్ధతిలో చేసినవి ఉన్నాయి గానీ ఈ బాక్సుల్లో వచ్చేవి అవి కావు.

షాపులో ఇదంతా చెప్తే వాళ్ళ సమాధానం "మీ టీవీ సెట్టింగ్ చూసుకోండన్నా" అని. షాపులో ఉన్న టీవీ కూడా ఎల్ఈడీనే. దాని మీదే ఒక్క బాతుని కొట్టి చూపించమని మా బావ అడిగితే, కస్టమర్లు ఉన్నారు తర్వాత రండి అన్నారు.

హెచ్‌డీఎమ్ఐలో పెట్టే స్టిక్ రకం కూడా చాలామంది కొంటున్నారు. అందులో గేములు మెమరీ కార్డులో ఉంటాయి కాబట్టి వేరువేరు గేములు నిజంగానే కొంచెం ఎక్కువే. కానీ 4కే అన్న మాట నమ్మి డబ్బులు ఎక్కువ పెట్టకండి. ఆ పాత ఫ్యామికామ్ గీసే బొమ్మే 256 అడ్డం, 240 నిలువు చుక్కలు. దాన్ని ఎంత పెద్ద తెర మీద సాగదీసినా కొత్త చుక్కలు పుట్టవు. స్టిక్ ఆడుతూ ఆడుతూ ఆగిపోతుంటే టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా మంచి ఫోన్ చార్జర్ నుంచి కరెంటు ఇచ్చి చూడండి. అయినా ఆగిపోతే చవకరకం కార్డు మీద అనుమానపడాల్సిందే.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది అడాప్టర్. అరగంట ఆడేసరికి చెయ్యి పెట్టలేనంత వేడి. విప్పి చూస్తే లోపల ఫ్యూజు లేదు. 230 వోల్టుల కరెంటుకి, పిల్లల చేతుల్లో ఉండే వైరుకి మధ్య ఉన్నది ఆ అడాప్టర్ ఒక్కటే. మన దేశంలో వీడియో గేములు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ కింద 2013 నుంచి ఉన్నాయి. బాక్స్ మీద గానీ వస్తువు మీద గానీ ఆ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. బావ తెచ్చిన బాక్స్ మీద ఏ నంబరూ లేదు, తయారుచేసినవాళ్ళ అడ్రసూ లేదు. అటక మీద పాత సెట్టు ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. ఏ అడాప్టర్ పడితే అది గుచ్చకండి. జపాన్ ఫ్యామికామ్‌కి 10 వోల్టుల డీసీ కావాలి, పిన్ను లోపలి వైపు మైనస్. అమెరికా మోడల్‌కి 9 వోల్టుల ఏసీ. ఒకదానిది ఇంకోదానికి పెడితే కాలిపోవచ్చు. క్యాసెట్‌లోకి నోటితో ఊదడం కూడా మానేయండి. తడి తగిలి పిన్నులకి తుప్పు పడుతుంది.

కొనాలనే అనుకుంటే షాపులోనే పెట్టించి ఆడండి. మెనూలో మొదటి పేజీ కాదు, వందో నంబరు, ఐదొందలో నంబరు తెరిపించండి. గన్ను ఉంటే అక్కడే కొట్టి చూపించమనండి. తెల్ల కాగితం మీద రాసిచ్చే చీటీకి ఒప్పుకోకండి, షాపు పేరు, తేదీ, మోడల్ ఉన్న బిల్లు అడగండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి వెనక్కి తగ్గొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో వెనక్కి తీసుకోకపోవడం రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. గడువు ఏదీ రాయకపోతే 30 రోజులు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రూ.5 లక్షల లోపు విలువైన కేసుకి ఫీజు కూడా లేదు.

మా అక్క 1915లో ఫిర్యాదు పెట్టింది. ఆ తర్వాత షాపు వాళ్ళే ఫోన్ చేసి, అదే రకం ఇంకో సెట్టు ఇస్తామన్నారు. అక్క ఒప్పుకోలేదు, డబ్బే కావాలంది. ఇంకా తేలలేదు. తేలగానే ఇక్కడే రాస్తాను. ఈలోపు ఇలాంటి సెట్టే కొన్నవాళ్ళు బాక్స్ పారేయకుండా దాచండి, మెనూని పైనుంచి కిందిదాకా ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, ఆట అయిపోగానే అడాప్టర్ ప్లగ్గులోంచి పీకేయండి.